వెనక్కి తిరగని గిలక

తామ్రకూటం కొండ దూరం నుంచి చూస్తే కుంకుమ రాశి పోసినట్టుంటుంది. దగ్గరికి వెళ్తే చీమ కాలు కూడా నిలవని నున్నటి గోడ. దాని నెత్తిన, మబ్బులు ఆగి అలుపు తీర్చుకునే చోట, పన్నెండు బురుజుల ముద్రల కోట. పగడపు గడపలు, స్ఫటికపు కిటికీలు, బురుజుకొక బంగారు నెమలి. గాలి వీస్తే ఆ నెమళ్ళు పురి విప్పుతాయని చెప్పుకుంటారు. కాంస్యదేశంలో ఎవడు ఏ కొత్త వస్తువు కనిపెట్టినా, అది తనదేనని చెప్పుకోవాలంటే ఆ కోట ఎక్కి ముద్ర వేయించుకోవాలి. పేదవాడి తెలివిని పెద్దవాడు దోచుకోకూడదని ఎప్పుడో ఒక మంచి రాజు చేసిన కట్టడి అది. రాజు పోయాడు. కట్టడి మిగిలింది. దాని చుట్టూ సుంకాలు మొలిచాయి.

ఆ కొండకు పరుగుదూరంలో, ఒక నల్లబండ చాటున ఇద్దరు మనుషులు నక్కి కూర్చున్నారు.

ఒకడు కమ్మరి దోనప్ప. నలభై దాటిన మనిషి. నిప్పురవ్వలు పడీ పడీ అతని ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం ఎప్పుడో మానేశాయి. భుజాన ఏడు పేటల నారతాడు చుట్ట, వీపున గోనెమూట. రెండోవాడు చిత్తరయ్య. ముప్పై ఏళ్ళు ఆ కోటలోనే అర్జీలు రాసి, ఒక పేదవాడి అర్జీ ఊరికే రాసిచ్చాడన్న నేరానికి కొలువు పోగొట్టుకున్న ముసలి లేఖకుడు. అతని చంకలో వెదురుగొట్టం, గొట్టంలో దోనప్ప అర్జీ. అదీ ఊరికే రాసిందే.

"కదలకు నాయనా. పొద్దు నడినెత్తికి రానీ," అన్నాడు చిత్తరయ్య.

"వచ్చింది కదా పెద్దయ్యా."

"నీ నీడ ఇంకా జానెడుంది. ఆ కుక్కలకి జానెడు చాలు."

ఎదురుగా మైదానం నిండా నీడకుక్కలు తిరుగుతున్నాయి. వాటికి ఒళ్ళు లేదు, ఎముక లేదు. నేల మీద పాకే నల్లటి కుక్క ఆకారాలు. అవి మనిషిని కరవవు, మనిషి నీడని కరుస్తాయి. కరిచిన చోట ఒళ్ళు మంచుగడ్డ అవుతుంది. మాంత్రికుడు ఛాయాముఖుడు వాటిని దోనప్ప కోసమే విడిచాడు. ఎందుకంటే ఇవాళ నలభయ్యో రోజు.

ఆ నలభై రోజుల సంగతి ఇది. దోనప్ప భార్య నీలమ్మ ఒక ఎండాకాలం ఊరి బావిలో నీళ్ళు తోడుతుంటే కాలు జారింది. నిండు కడవ బరువుకు తాడు వెనక్కి దూసుకుపోయి రెండు అరచేతుల తోలూ ఊడదీసుకుపోయింది. ఆ చేతులకు వెన్న రాస్తూ దోనప్ప ఒక గిలక ఆలోచించాడు. చక్రానికి పన్నెండు పళ్ళు, ఆ పళ్ళ మీద ఒక ఇనుప నాలుక. తాడు లాగితే చక్రం ముందుకు తిరుగుతుంది. చెయ్యి వదిలేస్తే నాలుక పంటికి అడ్డం పడుతుంది, కడవ ఉన్నచోటే ఆగుతుంది. చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో నలభైయొక్క బావులకు అలాంటి గిలకలు బిగించాడు. ఆడవాళ్ళు నీళ్ళు తోడుతూ మధ్యలో చెయ్యి వదిలేసి, కొప్పు సవరించుకుని, మళ్ళీ తోడుకునేవారు. దోనప్పకు అంతకన్నా అందమైన దృశ్యం లోకంలో కనపడలేదు.

అప్పుడు ఎవరో ముద్ర వేయించుకొమ్మన్నారు. అక్కడ మొదలైంది. వాకిలి దగ్గర నిలబడ్డానికో సుంకం, అర్జీ ఆకుకో సుంకం, ఆ ఆకు మీద సిరా ఆరేదాకా విసిరినవాడికో సుంకం. గిలక మీద గుర్తుగా పిచ్చుక బొమ్మ కొట్టుకుంటానంటే, దానికి వేరే అర్జీ అన్నారు. ఆ అర్జీ పెట్టేసరికి, పిచ్చుక గుర్తు మూడు రోజుల కిందటే ఛాయాముఖుడు రాయించుకున్నాడన్నారు. ఆ దేశంలో పిచ్చుకలన్నీ గూళ్ళు ఖాళీ చేయకుండా ఎలా బతుకుతున్నాయో దోనప్పకు అర్థం కాలేదు. చివరికి అతను చేసిన మొట్టమొదటి గిలకను కోట ముంగిట్లో, ఎండలో, అందరికీ కనపడేలా నలభై రోజులు పెట్టారు. అభ్యంతరాలున్నవాళ్ళు చెప్పుకోవడానికట. నలభయ్యో రోజు పొద్దుగుంకే నగారా ఏడోసారి మోగేలోగా, కనిపెట్టినవాడు స్వయంగా వచ్చి, ఆ వస్తువును తాకి, అర్జీ మీద వేలిముద్ర వెయ్యాలి. రాకపోతే వస్తువు రెండో అర్జీదారుడిది.

ఈ గిలకకు రెండో అర్జీదారుడు ఛాయాముఖుడు. ముద్ర అతనికి పడిన మరుక్షణం నుంచి దోనప్ప తన గిలక తాను చేస్తే దొంగ. దొంగగిలక చేసిన చేతికి కుడి బొటనవేలు తీసేస్తారు. బొటనవేలు లేని కమ్మరి సమ్మెట పట్టలేడు.

"ఇప్పుడు," అన్నాడు చిత్తరయ్య.

ఇద్దరూ లేచి పరుగెత్తారు. నడినెత్తి ఎండలో వాళ్ళ నీడలు పాదాల కిందికి ముడుచుకున్నాయి. నీడకుక్కలు కూడా ఎలుకపిల్లలంతై, కీచుమంటూ గడ్డిపరకల మొదళ్ళలో దూరాయి. సగం దూరం బాగానే సాగింది. అక్కడ ముసలాయనకు ఎగశ్వాస పట్టుకుంది.

"నువ్వు పో నాయనా. గొట్టం తీసుకుని పో."

"గొట్టం తీసుకుపోతే చదివేదెవరు? నాకు అక్షరమ్ముక్క రాదని నీకు తెలీదా?"

దోనప్ప ఆయన్ని అమాంతం భుజానికెత్తుకున్నాడు. ఎత్తుకుని పరుగెత్తేసరికి పొద్దు గోరంత వాలింది. ఎలుకలు పిల్లులయ్యాయి. పిల్లులు కుక్కలయ్యాయి. వెనక నుంచి చప్పుడు లేని మంద దూసుకొచ్చింది. అన్నిటికన్నా ముందున్న కుక్క దోనప్ప మడమ నీడను పట్టుకుంది. కాలు మోకాలిదాకా కొయ్యబారింది. ఒంటికాలి మీద గెంతుతూ, కొండ నీడలోకి పడ్డాడు. పెద్ద నీడలో చిన్న నీడలు కలిసిపోయాయి. కుక్కలు దారితప్పి, ఒకదాని మీద ఒకటి పడి, మాయమయ్యాయి. దోనప్ప కాలికి మెల్లగా ప్రాణం తిరిగొచ్చింది.

"పెద్దయ్యా, బతికే ఉన్నావా?"

"ఉన్నాను. నీ భుజం ఎముక గుచ్చుకుంటోంది. దించు."

కొండ మొదట్లో గంపల రేవు. కోటకు మెట్లు లేవు. పై నుంచి తాళ్ళతో దించే వెదురు గంపల్లో కూర్చుంటేనే పైకి పోవడం. ఆ తాళ్ళన్నీ ఇప్పుడు కొత్త గిలకల మీద నడుస్తున్నాయి. దోనప్ప గిలకలే. కాని ఒక్కటీ అతను చేసింది కాదు. ప్రతిదాని మీదా పిచ్చుక బొమ్మ, బొమ్మ కింద ఛాయాముఖుడి పేరు.

రేవు కాపలాదారు ఒక ఆకు చూసి చదువుతున్నాడు. కాలిన ముంజేతుల కమ్మరి, పేరు దోనప్ప, కనపడితే పట్టి కట్టెయ్యాలి. చిత్తరయ్య దోనప్పను ఒక బండ వెనక్కి లాగి, అక్కడున్న కందెన కుండలో చెయ్యి ముంచి, దోనప్ప మొహానికీ చేతులకీ భుజాలకీ దట్టంగా పూశాడు. తలకు ఒక జిడ్డుగుడ్డ చుట్టాడు. గిలకలకు కందెన రాసే కూలివాడు తయారయ్యాడు.

"నేను మహాముద్ర గంపలో వస్తాను," అన్నాడు చిత్తరయ్య. "నలభై రోజులకోసారి ఆ పెద్ద కంచు ముద్రను ఏటికి దించి, కడిగి, పైకి తెస్తారు. కడిగేవాళ్ళు నలుగురూ నేను ఎరిగినవాళ్ళే. కూలివాడి చేతిలో గొట్టం చూస్తే పట్టేస్తారు, తడిసినా తడవకపోయినా అది నా దగ్గరే ఉంటుంది. నువ్వు ముందుపో."

కాపలాదారు దోనప్పను ఎగాదిగా చూశాడు. "కొత్తవాడివా? ఆ పై గిలక రెండ్రోజులుగా మూలుగుతోంది. పో, పోయి బాగా రాయి."

ఇంత చవగ్గా ఆ కోటలోకి ఎవరూ వెళ్ళి ఉండరు. గంప పైకి లేచింది. కింద ఏరు వెండి మొలతాడులా సన్నబడింది. చేలు అతుకుల బొంతల్లా కనిపించాయి. గద్దలు కాళ్ళ కింద తిరిగాయి. తన దగ్గర దొంగిలించిన సొత్తుకు తానే కందెన రాయడానికి పోతున్న కమ్మరి, గిలక చప్పుడు వింటూ కూర్చున్నాడు.

టక్, టక్, టక్. పదకొండు టక్కులు. తరవాత ఒక లోటు. మళ్ళీ పదకొండు.

దోనప్ప నిటారుగా లేచాడు. గంప ఊగింది. పక్క తాడు వైపు చెవి పెట్టాడు. పదకొండు, ఒక లోటు. దాని పక్కది. అదీ అంతే.

కమ్మరి కొలిమిలో ఏ కొత్త వస్తువైనా మొదటిదాన్ని నిండుగా చెయ్యరు. దిష్టి తగులుతుందని ఎక్కడో ఒకచోట కొదవ ఉంచుతారు. దోనప్ప తాత మొదటి నాగలికి ఒక మేకు వంకర కొట్టాడు. తండ్రి మొదటి తాళంకప్పకు ఒక మూల ఆకురాయి పెట్టకుండా వదిలాడు. దోనప్ప మొదటి గిలకకు పన్నెండో పన్ను సగానికి కోసేశాడు. తరవాతి నలభై గిలకలకీ పన్నెండూ నిండు పళ్ళే. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనూ లేదు. పసిబిడ్డ బుగ్గన పెట్టిన కాటుకచుక్క గురించి ఏ తల్లి ఎవరికి చెబుతుంది?

"దిష్టిచుక్కతో సహా ఎత్తుకుపోయాడు మహానుభావుడు," అనుకుని చాలా రోజుల తరవాత నవ్వాడు.

కోట ముంగిలి నూరు బారల వెడల్పు. చంద్రకాంత శిలలు పరిచిన నేల. వరసలు వరసలుగా రాతి పీటలు, పీటకొక కొత్త వస్తువు. తనంత తాను ఊగే ఉయ్యాల, రెండు వైపులా రాసే గంటం, వడ్లు దంచే రెక్కల రోకలి, చెవిటివాడి కోసం ఎవరో చేసిన తామ్రశంఖం. ఎన్నో ఇళ్ళలో ఎందరో పస్తులుండి చేసిన వస్తువులు. పడమటి ఎండ వాటి మీద బంగారు నీళ్ళలా పారుతోంది. చూసినవాడు రెప్ప వెయ్యలేడు. దోనప్ప కూడా వెయ్యలేదు. కొంతసేపటికి గాని అతనికి తెలియలేదు, ఆ వస్తువుల్లో ఒక్కదానికీ నీడ లేదు.

తన గిలక కనిపించింది. పక్కన కూర్చుని ఛాయాముఖుడు తమలపాకులు నములుతున్నాడు. నల్లపట్టు అంగీ, వెన్నలాంటి మొహం, ఆ మొహం మీద ఏ వెలుగూ నిలవని చూపు. అతని ఒళ్ళో నల్లటి బట్టల మూటలా మడతపెట్టిన నీడలు. ఎండలో పెట్టిన వస్తువు నీడను చాపలా చుట్టి తీసుకుపోవడం, దాన్ని అచ్చులో పరిచి ఇనుము పొయ్యడం. ఒక్క నీడకు వెయ్యి వస్తువులు. అతని విద్య అదీ. నలభై రోజులు ఎండలో పెట్టండని కట్టడి చేసినవాడు పాపం మంచివాడే.

దోనప్ప జిడ్డుగుడ్డ విప్పి, ఆ పీట పక్కనే రాసుకుంటూ కూర్చున్న ముద్రాధికారి మంథరుడి ముందు నిలబడ్డాడు. "దొరా, నేను దోనప్పను. గిలక నాది."

మంథరుడు తల ఎత్తలేదు. "అర్జీ ఏది?"

"వస్తోంది. మహాముద్ర గంపలో."

"అయితే అదొచ్చాక రా. ఆలస్య సుంకం కట్టి రా."

ఛాయాముఖుడు నెమ్మదిగా నవ్వాడు. "పాపం, మతిపోయిన మనిషి. ఒంటికి కందెన పూసుకుని వచ్చాడు. దొరవారు ఇతనికి కాస్త మజ్జిగ ఇప్పించండి."

"మజ్జిగ తరవాత తాగుతాను," అన్నాడు దోనప్ప. "అయ్యా, గిలక మీరే కనిపెట్టారుగా. పన్నెండో పన్ను ఎందుకు కోశారు?"

ఛాయాముఖుడి దవడ ఆగింది.

"అది... గిలక ఊపిరి తీసుకోవడానికి."

"ఊపిరా?"

"బయటివాళ్ళకి తెలిసే విషయం కాదులే."

దోనప్ప వీపున ఉన్న గోనెమూట విప్పి, ఇంటి బావి గిలకను తీసి పీట మీద పెట్టాడు. నీలమ్మ దాన్ని బావి నుంచి విప్పి ఇస్తూ, "నాలుగు రోజులు చేత్తో తోడుకుంటే ఏం పోతుంది, నువ్వు పో," అంది. ఆ గిలకను తిప్పాడు. పన్నెండు టక్కులు, లోటు లేదు. పక్కనున్న మొదటి గిలకను తిప్పాడు. పదకొండు, లోటు. "వినండి దొరా. మీ కోట గంపలు కూడా వినండి."

మంథరుడికి పన్నెండేళ్ళలో మొదటిసారి కలం ఆగింది. కొండ అంచున గిలకలన్నీ చెబుతున్నాయి. పదకొండు, లోటు. పదకొండు, లోటు.

"అది దిష్టి పన్ను," అన్నాడు దోనప్ప. "మొదటిదానికి మాత్రమే పెడతాం. నాది ఒక్కదానికే ఉంది. ఆయనవి అన్నిటికీ ఉంది. కడవ బరువుకి అది పట్టింపు లేదు. కాని పెద్ద బరువు లాగుతూ సరిగ్గా ఆ పన్ను దగ్గర ఆగితే, చక్రం జారి, నాలుక విరిగి..."

మాట పూర్తి కాలేదు. కొండ అంచు నుంచి ఇనుము విరిగిన చప్పుడు వచ్చింది. వెంటనే మనుషుల కేకలు.

మహాముద్ర గంప. నూరు మణుగుల కంచు, కడిగేవాళ్ళు నలుగురు, చిత్తరయ్య. ఇదివరకు దాన్ని నలభైమంది లాగేవారు. కొత్త గిలకలు వచ్చాయని ముప్పైయారుగుర్ని పనిలోంచి తీసేశారు. మిగిలిన నలుగురూ ఇప్పుడు జారిపోతున్న తాడును కాళ్ళు తన్నిపెట్టి పట్టుకున్నారు. వాళ్ళ అరచేతుల నుంచి పొగ లేస్తోంది. ఆ వాసన దోనప్పకు తెలుసు.

సరిగ్గా అప్పుడే పొద్దుగుంకే నగారా మొదటిసారి మోగింది.

దోనప్ప ఇంటి గిలకను ఎత్తుకుని పరుగెత్తాడు. దూలానికి గిలక తగిలించాడు. భుజం మీది ఏడు పేటల తాడు దాని మీదుగా వేసి, దిగడానికి సరిపడా వదులు ముందే లాగి, కొస నడుముకు చుట్టుకుని, గంప తాడు వెంట కిందికి జారాడు. నగారా రెండు. ముప్పై బారల లోతున గంప పక్కకి ఒరిగి ఉంది. చిత్తరయ్య గొట్టాన్ని పళ్ళతో పట్టుకుని, రెండు చేతులా మహాముద్రను కావలించుకుని ఉన్నాడు.

"వచ్చావా," అన్నాడు పళ్ళ సందు నుంచి.

"వచ్చాను. కళ్ళు మూసుకో."

దోనప్ప నారతాడు కొసను గంప నాలుగు చెవులకూ బిగించి, తాడు పట్టుకుని పాకుతూ పైకి వచ్చాడు. నగారా మూడు. పాత తాడు చివరి పురి తెగింది. బరువంతా ఒక్కసారిగా నారతాడు మీద పడింది. దోనప్ప, ఆ నలుగురు కూలీలు కలిసి లాగారు. టక్. టక్. టక్. పన్నెండు, మళ్ళీ పన్నెండు. గంప అంచుకు మూడు బారల దూరానికి వచ్చేసరికి కూలీల చేతులు ఇక చాలన్నాయి. నగారా నాలుగు.

"ఇంక నీ వేలిముద్ర లేనట్టే," అన్నాడు ఛాయాముఖుడు వెనక నుంచి. "తాడు వదిలితే అయిదుగురు పోతారు. వదలకపోతే గిలక నాది."

దోనప్ప తాడు వైపు చూశాడు. గిలక తనది. దాని సంగతి తనకు తెలుసు. తాడు మాత్రం ఏడు ఊళ్ళది. ఒక్కో ఊరి ఆడవాళ్ళు ఒక్కో పేట పేని, ఏడు పేటలూ కలిపి వడి పెట్టి, పొలిమేర దాకా వచ్చి ఇచ్చారు. కోటలో అడుగడుగునా చెయ్యి చాచినవాళ్ళే. వీళ్ళు మాత్రం అడక్కుండా తెచ్చి భుజాన వేశారు. ఎవరు ఏ పేట పేనారో కూడా చెప్పలేదు.

"అమ్మల్లారా, మీదే భారం," అనుకుని దోనప్ప రెండు చేతులూ వదిలేశాడు.

కూలీలు కళ్ళు మూసుకున్నారు. గిలక టక్కుమంది. గంప ఆగింది. ఉన్నచోటే, వెంట్రుకవాసి కదలకుండా ఆగింది.

"పెద్దయ్యా, గొట్టం."

చిత్తరయ్య గొట్టాన్ని పైకి విసిరాడు. దోనప్ప అందుకుని ముంగిలికి అడ్డంపడి పరుగెత్తాడు. నగారా అయిదు. మంథరుడు ఆకు విప్పి పట్టుకున్నాడు, కాని అలవాటు నోరు ఊరుకోలేదు. "సిరా సుంకం..."

"అక్కర్లేదు దొరా." దోనప్ప తన బొటనవేలు చూపించాడు. అది కందెనతో నల్లగా మెరుస్తోంది. ఎడమచెయ్యి మొదటి గిలక మీద పెట్టి, కుడి బొటనవేలు ఆకు మీద నొక్కాడు. నగారా ఆరు. వేలి గీతలన్నీ ఆకు మీద దిగాయి. నగారా ఏడు.

కూలీలు అలుపు తీర్చుకుని గంపను అంచుకు చేర్చారు. చిత్తరయ్య దిగి, ముంగిలి మీద బోర్లా పడుకుని, రాయిని ముద్దు పెట్టుకున్నాడు. తడి ఆరని మహాముద్రను కూలీలూ కడిగేవాళ్ళూ కలిసి దొర్లించుకొచ్చి ఆకు మీద ఆనించారు. మంథరుడు చదివాడు. "వెనక్కి తిరగని గిలక. కనిపెట్టినవాడు కమ్మరి దోనప్ప."

"ఇంకో పేరు కూడా రాయండి దొరా. నీలమ్మ అని. చేతులు ఆవిడవి."

మంథరుడు ఏమీ అడగకుండా రాశాడు.

దోనప్ప కళ్ళు తుడుచుకుంటుంటే ఒళ్ళంతా చల్లబడింది. పొద్దు కొండల అంచున ఉంది. అతని నీడ ముంగిలంతా సాగి, అటు చివరన ఛాయాముఖుడి కాళ్ళ దాకా పోయింది. మాంత్రికుడు వంగి, దాన్ని కొస పట్టుకుని, చరచరా చుట్టేశాడు. చుట్టను చంకలో పెట్టుకుని కొండ అంచు మీదికెక్కాడు.

"గిలక ఉంచుకో కమ్మరీ. ఇక గిలకలెందుకు నాకు? గిలకలు చేసేవాణ్ణే అచ్చు పోస్తాను." అంగీ రెక్కల్లా విచ్చుకుంది. గబ్బిలంలా కిందికి తేలిపోయాడు.

దోనప్ప నేల చూసుకున్నాడు. నీడ లేదు.

"నాలాంటివాళ్ళు వెయ్యిమందిని చేసినా, అందరూ ఈ కోటకే అర్జీ పెట్టుకోవాలి కదా," అన్నాడు. చిత్తరయ్య నవ్వబోయి ఆగాడు.

"మూడు పొద్దులు నాయనా. నీడ లేని ఒళ్ళు అంతకుమించి నిలవదు. ఈలోగా వాడు నీ మొహంతో ఎవరి తలుపు తడతాడో..."

నవ్వు దోనప్ప మొహం మీదే ఆరిపోయింది. నీలమ్మ. అరచేతుల తోలు ఊడిన మనిషి, గిలక లేని బావి దగ్గర ఒంటరిగా నీళ్ళు తోడుకుంటున్న మనిషి.

అతను నారతాడు నడుముకు బిగించుకుని అంచు మీదికి నడిచాడు. కూలీలు బొబ్బలెక్కిన చేతులతోనే తాడు పట్టుకున్నారు. ఈ గిలక మీద మనిషిని దించాలంటే ఒకరు నాలుకను పైకెత్తి పట్టుకోవాలి. ఎవరా అని దోనప్ప చూసేలోగా, ముద్రాధికారి మంథరుడు పట్టు ఉత్తరీయం పక్కన పడేసి వచ్చి, ఆ జిడ్డు ఇనుమును వేళ్ళతో ఎత్తిపట్టాడు.

"దీనికి సుంకమెంత దొరా?" అన్నాడు దోనప్ప.

"దిగవయ్యా," అన్నాడు మంథరుడు.

దోనప్ప పైనున్న అందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. వాళ్ళ మొహాలు పైకి పోయాయి. ఎర్రటి కొండగోడ కళ్ళ ముందు జారుతోంది. సగం దిగేసరికి కింద పొగమంచులో సమ్మెట మోత వినిపించింది. మూడు గట్టి దెబ్బలు, దాగలి దిమ్మ మీద ఒక ఉత్త దెబ్బ. మళ్ళీ మూడు, మళ్ళీ ఉత్తది.

ఆ కొట్టే తీరు దోనప్పకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా తన కొలిమిలో తాను కొడుతున్నది అలాగే.